తీగ ఊళ్లోకొచ్చింది, శివారు సంగతేమిటి?

పెద్దకాలువ తవ్వి, తూము కట్టి, పంటబోదె మాత్రం తవ్వకుండా వదిలేస్తే చివరి ఆయకట్టు రైతుకు ఒరిగేదేమిటి? పల్లెల్లో ఇంటర్నెట్ వ్యవహారం ఇలాగే తయారైంది. పంచాయతీలన్నింటికీ ఆప్టికల్ ఫైబర్ వేయాలని కేంద్రం 2011లో తలపెట్టింది. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. మన రాష్ట్రంలో కరెంటు స్తంభాల మీదుగా తీగలాగిన ఫైబర్‌గ్రిడ్‌ను 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించారు. సంతోషమే. మరి ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతలున్న తండా మాటేమిటి?

ఇది సినిమాలు చూసుకోవడానికి అడిగే సదుపాయం కాదు. పంట వివరాలు ఈ-పంటలో ఎక్కాలి, ఈకేవైసీకి వేలిముద్ర పడాలి. నెట్ అందక పని రేపటికి వాయిదా పడితే ఒకరోజు కూలి పోయేది రైతుకే.

ఇంటింటికీ తీగ లాగుతామంటే వద్దనేవారెవరు? కాని విసిరేసినట్లుండే ఇళ్లకు ఆ ఖర్చు గిట్టదు. తీగ ధరకన్నా గుంట తవ్వడం, స్తంభాలెక్కడం, తెగితే అతకడం, వీటికే ఎక్కువవుతుంది. అందుకే పంచాయతీ దాకా తీగ, అక్కణ్ణుంచి రేడియో అన్న పద్ధతే మేలు. ఊళ్లో వాటర్ ట్యాంకు మీద ఒక చిన్న డిష్, తండా బడి మీద దానికి ఎదురుగా మరొకటి పెడితే చాలు, మధ్యలో అడ్డు లేకుంటే నాలుగైదు కిలోమీటర్లు ఇట్టే అందుతుంది. ఇందుకు పనికొచ్చే 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకు 2018లో లైసెన్సు అక్కర్లేకుండా చేశారు. తండాలో వైఫై పెట్టుకోవడానికి కిరాణా కొట్టువారికి కూడా వీలిస్తూ 2020 డిసెంబరులో పీఎం-వాణి వచ్చింది. దానికీ లైసెన్సు లేదు, ఫీజూ లేదు.

చిక్కులు లేవని కాదు. ఇవాళ మోకాలెత్తున్న మామిడి మొక్క పదేళ్లకు రెండు డిష్‌ల మధ్య గోడలా నిలబడుతుంది. కరెంటు పోతే పెట్టె ఆగిపోతుంది, చిన్న సోలార్ పలక, బ్యాటరీ తప్పనిసరి. పంచాయతీకి ముందు అనుకున్నది 100 ఎంబీపీఎస్. యాభై ఇళ్లు ఒకేసారి వాడితే ఇంటికి రెండే!

సెల్ టవరుందిగా అంటారు కొందరు. ఫోనులో గీతలన్నీ నిండుగా ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. ఎందుకంటే ఆ గీతలు మనకూ టవరుకూ మధ్య సంగతే చెబుతాయి. చాలా టవర్లకు ఫైబరు లేదు, వెనుకనున్న టవరు నుంచి గాలిలోనే అరువు తెచ్చుకుంటాయి. రద్దీ పెరిగితే అక్కడే ఇరుకవుతుంది. తీగ ముందు అలాంటి టవర్లకు చేరాలి.

2023 ఆగస్టులో కేంద్రం భారత్‌నెట్‌ను సవరించి రూ.1,39,579 కోట్లు మంజూరు చేసింది. తీగను రింగుగా వేస్తారట, ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి వస్తుంది. గాలివానకు కొమ్మ విరిగిపడితే ఊరంతా మూగబోయే మనకు ఇది కావలసిందే. అయితే ఆ రింగు ఏ శివారు పక్కనుంచి పోతుందో, తెగితే ఎన్నాళ్లలో ఎవరు అతుకుతారో గ్రామసభలో సర్పంచిగారిని ఇప్పుడే అడగండి. పని అయ్యాక అడిగితే ఎస్టిమేటులో లేదంటారు.