బంతిపూల క్యాప్సూల్ మన స్టాల్ మీద పెట్టాల్సిన సరుకు కాదు

పైన వీడియోలో మీరు చూసిన బంతి తోట దండల కోసం వేసింది కాదు. ఆ ముదురు నారింజ రకాన్ని కంపెనీలు ఒప్పందం మీద వేయిస్తాయి. పూలు కిలోల లెక్కన కొంటారు, పులియబెట్టి ఎండబెడతారు, గుళికలు చేసి అందులోంచి లుటీన్ అనే పసుపు పదార్థం తీస్తారు. కొంత కోళ్ల దాణాలోకి పోతుంది, గుడ్డు సొనకు మంచి రంగు రావడానికి. ఇంకొంత శుద్ధి చేసి క్యాప్సూల్‌లో నింపి, కంటి చూపుకు సహజమైన యాంటీ ఆక్సిడెంట్ అని అమ్ముతారు.

ఈ మధ్య ఆ సీసాలు మన సేంద్రియ సంతల్లోకీ వచ్చేశాయి. దేశవాళీ బియ్యం, గానుగ నూనె, వాటి పక్కనే కళ్ల క్యాప్సూల్! నాకూ ఒక ఏజెంట్ ఫోన్ చేశాడు, సీసాకు 30 శాతం కమీషన్ అన్నాడు. వద్దన్నాను. లుటీన్ చెడ్డదని కాదు. దాని మంచి ఎంతవరకో, ఎవరికో తెలియకుండా అమ్మడం చెడ్డదని.

మంచి సంగతి ముందు చెప్పుకుందాం. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్, టమాటాలో లైకోపీన్, ఆకుకూరల్లో, బంతిలో ఉండే లుటీన్, ఇవన్నీ ఒకే కుటుంబం, కెరోటినాయిడ్లు. లుటీన్‌ను మన ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. కంటి వెనక తెర మధ్యలో, సూటి చూపుకు ఆధారమైన చిన్న పసుపు మచ్చ ఉంటుంది. దాన్నే మాక్యులా అంటారు. లుటీన్, దాని జోడీ జియాజాంథిన్ అక్కడ చేరి నీలి కాంతిని కొంత అడ్డుకుంటాయి. ఆక్సీకరణ వల్ల జరిగే నష్టాన్నీ తగ్గిస్తాయి. ఇందులో మోసం ఏమీ లేదు.

అయితే వయసు మీద పడ్డాక కొందరికి ఆ మచ్చ దెబ్బతింటుంది. అలాంటివాళ్ల మీద అమెరికా జాతీయ నేత్ర సంస్థ రెండు పెద్ద పరీక్షలు చేసింది. 2001లో వచ్చిన మొదటి ఫలితం ప్రకారం విటమిన్ సి, ఇ, బీటా కెరోటిన్, జింక్, రాగి కలిపి ఇస్తే, జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్లలో అది ముదిరే ప్రమాదం ఐదేళ్లలో సుమారు 25 శాతం తగ్గింది. 2013లో వచ్చిన రెండో పరీక్షలో 50 నుంచి 85 ఏళ్ల మధ్య వాళ్లు 4,000 మందికి పైగా ఉన్నారు. అందులో రోజుకు 10 మిల్లీగ్రాముల లుటీన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ ఇచ్చి చూశారు. పాత మందుకు లుటీన్ కలిపినంత మాత్రాన మొత్తం మీద పెద్ద అదనపు లాభం తేలలేదు. బీటా కెరోటిన్ తీసేసి ఆ స్థానంలో పెట్టడానికి మాత్రం పనికొచ్చింది. శుక్లం ఆపరేషన్ అవసరాన్నయితే తగ్గించలేదు.

ఇప్పుడు సంతలో ఏం చెబుతున్నారో గుర్తు చేసుకోండి. శుక్లం కరుగుతుందట, అద్దాలు పోతాయట, షుగర్ వాళ్ల చూపు తిరిగొస్తుందట. ఇందులో ఏ ఒక్కటికీ ఆధారం లేదు. మా పక్క ఊళ్లో షుగర్ ఉన్న పెద్దాయన ఒకరు ఈ సీసాలు నమ్ముకుని ఎనిమిది నెలలు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. వెళ్లేసరికి రెటీనాలో రక్తం కారి ఉంది. క్యాప్సూల్ ఆయనకు ఏ హానీ చేయలేదు, నిజమే. ఎనిమిది నెలలు తినేసింది, అంతే. షుగర్ ఉన్నవాళ్లు చూపు బాగున్నా సరే ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోవాల్సిందే. నిటారుగా ఉన్న గుమ్మం, దున్నిన చాలు వంకరగా కనబడుతుంటే ఏడాది కూడా ఆగొద్దు, ఆ వారమే వెళ్లండి.

ఇంకో సంగతి ఇంతకన్నా ముఖ్యం. కళ్ల క్యాప్సూల్ అని రాసిన ప్రతి సీసాలో లుటీన్ ఒక్కటే ఉండదు. కొన్నింటిలో బీటా కెరోటిన్ కూడా కలుపుతారు. 1994లో ఫిన్లండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,000 మందికి పైగా ఉన్న పరీక్షలో, రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. కాపాడుతుందని ఇచ్చారు, ఎదురు తిరిగింది. అమెరికాలో అలాంటిదే ఇంకో పరీక్షను ఇదే కారణంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. కంటి పరీక్షలో కూడా, పొగ మానేసినవాళ్లకు సైతం ఆ ప్రమాదం కనిపించింది. లుటీన్‌తో అది కనిపించలేదు. మన ఊళ్లలో బీడీ తాగనివాళ్లు ఎంతమంది? ఉత్తరాంధ్రలో అడ్డచుట్ట తాగే ఆడవాళ్లూ ఉన్నారు. సీసా అమ్మేటప్పుడు "చుట్ట తాగుతావా పెద్దమ్మా" అని అడిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు. ఇదంతా బిళ్లలో గుచ్చి ఇచ్చే మోతాదు సంగతేనండి, క్యారెట్ తినడానికి భయపడక్కర్లేదు.

డాక్టర్ రాస్తే లుటీన్ వాడండి, తప్పులేదు. పరీక్షలో వాడింది రోజుకు 10 మిల్లీగ్రాములే, రెండు వేసుకుంటే రెట్టింపు చూపేమీ రాదు. ఎక్కువ రోజులు ఎక్కువగా తింటే ఒళ్లు పసుపు రంగుకు తిరుగుతుంది, మానేస్తే పోతుంది. కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి పరగడుపున కాకుండా భోజనంతో వేసుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలకు డాక్టర్‌ను అడక్కుండా ఇవ్వొద్దు. లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్, ఒక్కో పదార్థం ఎన్ని మిల్లీగ్రాములు, ఔషధంగా వాడరాదనే మాట ఉన్నాయా చూడండి. ఔషధం కాదని సీసాయే చెబుతుంటే, అమ్మేవాడు మందని చెప్పడం ఏం న్యాయం?

ఇక "సహజం" అన్న మాట. బంతి ఎండుపొడిలోంచి ఆ రంగును మామూలుగా హెక్సేన్ అనే ద్రావణితో తీస్తారు. చివర్లో దాన్ని ఆవిరి చేసి తీసేస్తారు, ఎంత మిగలొచ్చో పరిమితులున్నాయి. అందుకని దాన్ని విషం అననుగానీ, గానుగ నూనె పక్కన పెట్టి రెండూ ఒకటే అనడం మాత్రం నాకు మింగుడుపడదు. వేప కషాయంతో పండించామని మనం చెబితే కొనేవాళ్లు నమ్ముతారు, ఎందుకంటే మన పొలానికి వచ్చి చూశారు. ఆ నమ్మకాన్ని మనం పండించని, మనం చూడని క్యాప్సూల్‌కు అద్దెకివ్వకూడదని నా అభిప్రాయం. కమీషన్ నెలకు నాలుగు డబ్బులు తెస్తుంది. ఒక్క ఇంట్లో చూపు పోతే, మన బియ్యం కూడా ఆ ఇంటికి వెళ్లదు.

మన దగ్గర అమ్మడానికి సరుకు లేదా అంటే, బోలెడుంది. పాలకూర 100 గ్రాముల్లో లుటీన్, జియాజాంథిన్ కలిపి 10 మిల్లీగ్రాముల పైనే ఉంటాయి. తోటకూర, మునగాకు, మెంతికూర, మొక్కజొన్న, పెరటి కోడి గుడ్డు అన్నీ ఇచ్చేవే. గుడ్డులో ఉండేది కొంచెమే అయినా సొనలో కొవ్వు ఉంటుంది కాబట్టి బాగా ఒంటబడుతుంది. ఆకుకూర పప్పులో కాస్త నూనె తాలింపు మన అమ్మమ్మలు ఊరికే వేయలేదు. మునగాకు పొడి అమ్మే తమ్ముళ్లకు ఒక మాట: ఎర్రటి ఎండలో ఆరబెడితే కెరోటినాయిడ్లు చాలావరకు పోతాయి, రంగు వెలిసిందంటే సగం సరుకు గాలికి పోయినట్టే. నీడలో, గాలి ఆడేచోట పలచగా పరచండి, పొడి చేశాక వెలుతురు తగలని డబ్బాలో పెట్టండి.

కూరలు కొనేవాళ్లలో గుండె జబ్బుకు వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడేవాళ్లుంటే వాళ్లకు విడిగా చెప్పండి. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, ఒక్కసారిగా పెంచినా తగ్గించినా మందు లెక్క తప్పుతుంది. రోజూ ఒకే కొలతగా తినాలి, ఆ సంగతి డాక్టర్‌కు తెలిసి ఉండాలి. మా స్టాల్‌లో ఈ నాలుగు ముక్కలూ అట్ట మీద రాసి ఆకుకూరల గంప దగ్గరే కట్టాం. వచ్చే వారం వీడియోలో షేడ్ నెట్ కింద మునగాకు ఆరబెట్టే పందిరి, దాని ఖర్చు చూపిస్తాను.