లండన్‌లో వాన, బెజవాడలో గొడుగు

మాస్కోలో వాన పడితే బెజవాడ కమ్యూనిస్టులు గొడుగులు తెరుస్తారని పాత ఎగతాళి ఒకటుంది. మాస్కోలో ఆ వాన ఆగి ముప్ఫై ఏళ్ళు దాటింది. గొడుగులు మాత్రం అటకెక్కలేదు. ఈ మధ్య లండన్ వానకి తెరుచుకుంటున్నాయి.

2025 ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. ఆ దేశపు 2010 నాటి సమానత్వ చట్టంలో 'స్త్రీ' అన్న మాటకి అర్థం జీవశాస్త్రం ప్రకారం స్త్రీ అని, ట్రాన్స్ మహిళల చేతిలో ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్ ఉన్నా ఆ చట్టం వరకూ వాళ్ళు ఆ మాట కిందికి రారని. 'ట్రాన్స్ మహిళలు మహిళలే, చట్టం కూడా అదే అంటోంది' అని 2022లో చెప్పిన లేబర్ నాయకుడు కియర్ స్టార్మర్, ప్రధాని హోదాలో ఈ తీర్పు రాగానే ఆ అభిప్రాయం ఇప్పుడు లేదని తన ప్రతినిధి చేత చెప్పించాడు. 2004లో జెండర్ గుర్తింపు చట్టం తెచ్చింది కూడా ఇదే లేబర్ పార్టీ.

సరిగ్గా రెండు నెలలకి, జూన్‌లో, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఇంకో తీర్పు వచ్చింది. భర్త మీద, అత్తమామల మీద 498ఎ కేసు పెట్టిన ఒక ట్రాన్స్ మహిళ విషయం. ఆమె పిల్లల్ని కనలేదు కాబట్టి పూర్తి స్త్రీ కాదు, ఈ సెక్షన్ ఆమెకి వర్తించదు అని అవతలివాళ్ళు వాదించారు. జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదన చెల్లదన్నారు. ట్రాన్స్ మహిళ మహిళే, 498ఎ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకి ఉంది అన్నారు. (ఆరోపణలకి తగిన ఆధారాలు లేవని ఆ కేసుని మాత్రం కొట్టేశారు. అది వేరే సంగతి.)

నేనున్న వాట్సాప్ సాహిత్య గుంపుల్లో బ్రిటన్ తీర్పు మీద వారం రోజులు చర్చ నడిచింది. వామపక్ష మిత్రులు పేరాలకి పేరాలు రాశారు. కృష్ణా దాటితే వచ్చే అమరావతిలో, నేలపాడు దగ్గరున్న మన హైకోర్టు చెప్పిన తీర్పు మీద రెండు మెసేజ్‌లు, ఒక దండం బొమ్మ. నేను రాజకీయ శాస్త్రం చదివినవాణ్ణి కాదు, బీటెక్ చదివి కోడు రాసుకునేవాణ్ణి. కానీ ఒక సిస్టమ్‌లో లోపాన్ని వెతకాలంటే ఆ సిస్టమ్ లాగ్‌లే చూడాలి, పక్క కంపెనీవి కాదు అన్నపాటి తెలివి మా వృత్తి నేర్పుతుంది.

ఆ మిత్రుల వాదన ఇదీ: స్త్రీలు పోరాడి సంపాదించుకున్న చోట్లలోకి 'పుట్టుకతో పురుషులు' వస్తున్నారు, వర్గ దృక్పథం ఉన్న ఎడమపక్షం దీన్ని ఎదిరించాలి, బ్రిటన్‌లో నిజమైన కమ్యూనిస్టులు అదే చేస్తున్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. బ్రిటన్‌లో దెబ్బలు తిన్న ఆడవాళ్ళ కోసం ఆశ్రయాలు ఊరికే రాలేదు, 1970ల నుంచీ ఆడవాళ్ళే పూనుకుని కట్టుకున్నారు. వాటి గురించి వాళ్ళు ఆందోళన పడితే ఆ ఆందోళనకో చరిత్ర ఉంది. అయినా అక్కడి ఎడమపక్షం ఆ చర్చని ఎలా నడిపిందో కూడా చూడాలి కదా. అక్కడి కమ్యూనిస్టుల దినపత్రిక మార్నింగ్ స్టార్ 2020 ఫిబ్రవరిలో ఒక కార్టూన్ వేసింది. నీటిబల్లుల కొలనులోకి దిగబోతున్న మొసలి బొమ్మ. మొసలి అంటే ట్రాన్స్ మహిళ అన్నమాట. గొడవ అయ్యాక పత్రిక క్షమాపణ చెప్పింది. మనిషిని మొసలిగా గీసి తర్వాత సారీ చెప్పే వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సిన వర్గ దృక్పథం ఏమిటి?

ఇక్కడ సమస్య ఆ రూపంలో లేదు. నెహ్రూ బస్టాండు దగ్గరా, రైళ్ళలోనూ చప్పట్లు కొట్టి చెయ్యి చాపే మనిషికి కావలసింది ఎవరి చోటులోకో జొరబడ్డం కాదు, అద్దెకో గది, చెయ్యడానికో పని. ఆస్పత్రిలో ఏ వార్డులో పడుకోబెడతారన్నది తర్వాతి ప్రశ్న, అసలు డాక్టరు ముట్టుకుంటాడా అన్నది మొదటి ప్రశ్న. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుషుడు కాక 'ఇతరులు' అని రాయించుకున్నవాళ్ళు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది, దేశంలో ఉత్తరప్రదేశ్ తర్వాత ఎక్కువ మనదే. రాయించుకోనివాళ్ళు ఇంకెందరో. ఇల్లు లేక, పని లేక, పుట్టింటి నుంచి గెంటించుకున్న ఇన్ని వేలమంది ఏ వర్గమో చెప్పడానికి కార్ల్ మార్క్స్ దిగి రావాలా?

'ముందు వర్గం, మిగతావన్నీ ఆ తర్వాత' అన్న మాట కృష్ణా డెల్టాకి కొత్త కాదు. 1985 జూలైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు. రెండు చోట్లా దళితుల్ని చంపింది ఎవరో, చచ్చింది ఎవరో ఊరందరికీ తెలుసు. అయినా కులం ఉపరితలమా పునాదా అని మనవాళ్ళు పాఠశాలలు పెట్టి తర్కించారు. గుడివాడ దగ్గరి గంగవరంలో పుట్టిన కె.జి. సత్యమూర్తి, మన శివసాగర్, పీపుల్స్‌వార్ కట్టినవాళ్ళలో ఒకడు, పార్టీలో కులం ప్రశ్న లేవనెత్తి బయటికి రావాల్సొచ్చింది. అదే కాలంలో స్త్రీవాదులు గొంతెత్తితే 'చీలిక', 'బూర్జువా దిగుమతి' అన్నారు. ఇవాళ అవే పార్టీల సభల్లో అంబేడ్కర్ ఫొటో మార్క్స్ పక్కన ఉంటుంది, స్త్రీవాద రచయితలకి సన్మానాలు జరుగుతాయి. మంచిదే. కానీ ఆ ముప్ఫై ఏళ్ళ ఆలస్యానికి ధర కట్టింది పార్టీ కాదు. ఇప్పుడు మూడోసారి అదే క్యూలో ట్రాన్స్ మనుషుల్ని నిలబెడుతున్నారు.

ఇంకో మాట. 'స్త్రీ అంటే జీవశాస్త్రం చెప్పిందే, నిర్వచనాలు పోరాటాలతో మారవు' అనే కామ్రేడ్లని 2023 డిసెంబరు 12కి తీసుకెళ్ళాలనుంది. ఆ రోజు రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. 42 రోజులు చేశారు. ఎస్మా పెట్టినా లేవలేదు. ఆ సమ్మె వెన్నెముక సీఐటీయూ, ఏఐటీయూసీ లాంటి సంఘాలు. ప్రభుత్వ కాగితాల్లో అంగన్‌వాడీ 'కార్మికురాలు' కాదు, గౌరవ వేతనం తీసుకునే స్వచ్ఛంద సేవకురాలు. మరి మీరేమన్నారు? ఆ నిర్వచనం తప్పు, పొద్దున్నించి సాయంత్రం దాకా చాకిరీ చేసే మనిషి కార్మికురాలే, చట్టం తన మాట మార్చుకోవాలి అన్నారు. కరెక్ట్. కార్మికులు ఎవరో ప్రకృతి చెప్పదు, ఆ మనిషి బతుకు చెప్తుంది అని నాకు నేర్పింది మీరే. మరి 'స్త్రీ' దగ్గరికి వచ్చేసరికి పుట్టినప్పుడు ఆస్పత్రిలో రాసిన కాగితం ఎందుకు పవిత్రమైపోతుంది? డేటాబేస్‌లో జెండర్ కాలమ్‌కి రెండే విలువలు పెట్టింది నాలాంటి ఇంజనీరే, దేవుడు కాదు. మేం దాన్ని ఒక మధ్యాహ్నంలో మార్చగలం.

ఎర్రజెండా అసలేమీ చెయ్యలేదని నేను అనను. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు 377 సెక్షన్‌ని మళ్ళీ బతికించినప్పుడు సీపీఎం తప్పుపట్టింది. 2018 తెలంగాణ ఎన్నికల్లో సీపీఎం చొరవతో ఏర్పడ్డ బహుజన లెఫ్ట్ ఫ్రంట్ హైదరాబాదు గోషామహల్ నుంచి మువ్వల చంద్రముఖిని నిలబెట్టింది. ప్రచారం మధ్యలో ఆమె కనపడకుండా పోయి, విషయం హైకోర్టు దాకా వెళ్ళి, ఆమె తిరిగొచ్చి, ఆ ఎన్నికలోనే నిలబడింది. ఆ ధైర్యానికి నమస్కారం. గెలవని సీటు ఇచ్చారు అని కొందరు వెక్కిరించారు. అన్యాయం, ఆ ఏడు ఆ ఫ్రంట్‌కి గెలిచే సీటు ఎక్కడా లేదు, ఒక్కటీ రాలేదు. నా ఫిర్యాదు వేరు. ఎన్నికల నెలలో అభ్యర్థి కావాలి, మిగతా యాభై తొమ్మిది నెలలూ సభ్యురాలు అక్కర్లేదా? మరుసటి ఏడే, 2019లో, బెజవాడకి ఆనుకునే ఉన్న మంగళగిరిలో తమన్నా సింహాద్రి అనే ట్రాన్స్ మహిళ ఇండిపెండెంటుగా నిలబడింది. జనసేనతో పొత్తులో ఆ సీటు సీపీఐకి వచ్చింది, సీపీఐ అభ్యర్థి బరిలో ఉన్నాడు. లోకేష్ 5,337 ఓట్లతో ఓడిన ఎన్నిక అది, అందుకని అందరికీ అదొక్కటే గుర్తుంది.

'ఇదంతా ఎన్జీవోల రాజకీయం' అనే మాట కూడా వింటూంటాను. నిజమే, 2003 తర్వాత గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచిన అవాహన్ లాంటి ఎయిడ్స్ కార్యక్రమాలే హిజ్రాల ఇళ్ళ గడప తొక్కాయి. వాళ్ళకి ఈ మనుషులు 'హైరిస్క్ గ్రూపు', పంచిన కండోముల లెక్కలో ఒక వరస. కానీ ఆ గడప ఖాళీగా ఎందుకుంది? హమాలీల దగ్గరికి, రిక్షా కార్మికుల దగ్గరికి, మున్సిపల్ పాకీ పనివాళ్ళ దగ్గరికి వెళ్ళిన పార్టీ ఆ ఒక్క వీధికి వెళ్ళలేదు కాబట్టి. వెళ్ళి ఉంటే గురువుకీ చేలాకీ మధ్య రోజువారీ వసూళ్ళ పంపకం ఎలా ఉంటుందో చూసేది, అందులో దోపిడీ ఉంటే దాన్నీ నిలదీసేది. అది ఎన్జీవో చెయ్యదు. హిజ్రా సమాజం ఏదో పవిత్ర సంప్రదాయమని పొగిడి వదిలేసే ఉదారవాదులూ చెయ్యరు. చెయ్యగల శిక్షణ ఉన్నది ఒక్క కమ్యూనిస్టుకే, ఆయనేమో ఫేస్‌బుక్‌లో బ్రిటన్ మరుగుదొడ్ల గురించి రాస్తున్నాడు.

బ్రిటన్ గురించే మాట్లాడాలంటే మాట్లాడదాం. 1871లో ఆ దొరలు చేసిన నేరస్థ తెగల చట్టం మనకి బాగా తెలుసు, బాపట్ల పక్కన స్టువర్టుపురం దాని బిడ్డే. ఆ చట్టంలో రెండో భాగం 'నపుంసకుల' పేర్లు రిజిస్టరు చెయ్యడం గురించి అని చాలామందికి తెలీదు. ఆ నమూనాలోనే నిజాం రాజ్యం 1919లో, 1329 ఫసలీలో, ఒక చట్టం తెచ్చింది. ఆడ బట్టలు కట్టుకుని వీధిలో కనపడినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా అరెస్టు, రెండేళ్ళ దాకా జైలు. నేరస్థ తెగల చట్టం 1952లో పోయింది. ఈ నిజాం చట్టం స్వాతంత్ర్యం వచ్చాక, నిజాం పోయాక, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, విడిపోయాక కూడా పుస్తకాల్లో ఉంది. 2018లో వైజయంతి వసంత మొగిలి, మరికొందరు కోర్టుకెళితే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. 1952లో హైదరాబాదు శాసనసభలో కమ్యూనిస్టుల పీడీఎఫ్ ప్రధాన ప్రతిపక్షం. ఆ తర్వాత కూడా చాలాకాలం ఎర్రజెండా ఎమ్మెల్యేలు ఆ సభల్లో కూర్చున్నారు. రజాకార్ల మీద తుపాకి పట్టిన పార్టీ, నిజాం చట్టం ఒకటి రద్దవడానికి ఆ మనుషులే సొంతంగా కోర్టు మెట్లెక్కేదాకా చూస్తూ ఉండిపోయింది.

కేరళ చూడండి అంటారు. చూద్దాం. అక్కడ ట్రాన్స్‌జెండర్ విధానం 2015లో వచ్చింది, అప్పుడున్నది ఊమెన్ చాందీ కాంగ్రెస్ ప్రభుత్వం. తర్వాత వామపక్ష ప్రభుత్వ కాలంలో, 2017లో, కొచ్చి మెట్రో ఇరవై మందికి పైగా ట్రాన్స్ మనుషులకి ఉద్యోగాలిచ్చింది, దేశమంతా చప్పట్లు కొట్టింది. కొన్ని వారాల్లోనే కొందరు మానేశారు. కారణం, ఊళ్ళో ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు.

ఇల్లు. బెజవాడ కమ్యూనిస్టుకి ఇంతకంటే తెలిసిన విషయం ఇంకోటి లేదు. కొండల మీద గుడిసెలు వేయించి, పట్టాలు ఇప్పించి, కుళాయిలు పెట్టించి, ఇంటిపన్ను మీద గొడవ చేసి పెరిగిన పార్టీలు ఇవి. 1981లో ఊరు కార్పొరేషన్ అయినప్పుడు మొదటి మేయరు సీపీఐ టి. వెంకటేశ్వరరావు. 2021 కార్పొరేషన్ ఎన్నికల్లో 64 డివిజన్లకి లెఫ్ట్‌కి దక్కింది ఒకటి, అది సీపీఎంది. పోగొట్టుకోడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు కదా, ఈ ఒక్క విషయంలో భయం ఎవరికి, ఎందుకు?

ఈ రాష్ట్రంలో ట్రాన్స్ మనుషులకి నెలకి 1,500 రూపాయల పింఛను ఇవ్వాలని 2017లో చంద్రబాబు మంత్రివర్గం నిర్ణయించింది. ఇప్పుడది 4,000. పింఛనుకి గుర్తింపు కాగితాలు కావాలి, వాటికి చిరునామా కావాలి, చిరునామాకి అద్దె ఇల్లు కావాలి. 2019 చట్టం ప్రకారం సర్టిఫికెట్ ఇచ్చేది కలెక్టరు, దరఖాస్తుకి ఆన్‌లైన్ పోర్టల్ 2020 నుంచీ ఉంది, ఒక అఫిడవిట్ జత చెయ్యాలి. ప్రతి పార్టీ ఆఫీసులోనూ పట్టాలకీ రేషన్ కార్డులకీ అర్జీలు రాసిపెట్టే ఒక పెద్దాయన ఉంటాడు, ముత్యాల్లాంటి దస్తూరీతో. ఆయన పక్కన ఒక ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చోడానికి శనివారాలు నేను ఖాళీయే.