ముందు తొలగింపు, తరువాతే మందు
పగడాల అక్వేరియంలో కన్వల్యూట్రిలోబా ప్రజాతికి చెందిన ఎర్రని చదును పురుగులు కనిపించిన వెంటనే మందు వేయడం సమంజసం కాదు. ఇవి అలైంగికంగా త్వరగా వృద్ధి చెంది, పగడాలను కప్పివేసి వెలుతురు అందకుండా చేస్తాయి కనుక నియంత్రణ అవసరమే. అయితే అధిక సంఖ్యలో ఉన్న పురుగులు ఒక్కసారిగా మరణిస్తే, వాటి దేహాల నుండి వెలువడే విషపదార్థాలు చేపలను సైతం చంపగలవు. కావున మొదట సన్నని గొట్టంతో సైఫన్ పద్ధతిలో వీలైనన్ని పురుగులను తొలగించాలి. మిగిలిన వాటికి మందు వాడిన పిదప నీటిని యాక్టివేటెడ్ కార్బన్‌తో వడపోసి, కొంత నీటిని మార్చాలి. కొత్త పగడాలను కొంతకాలం వేరు తొట్టెలో ఉంచి పరిశీలిస్తే ఈ శ్రమే తగ్గుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు మందు పేరు చెప్పడానికి ముందే ఈ క్రమాన్ని బోధించడం అవసరం.