ఇంట్లో తోడు లేకపోతే పెరుగు ఎట్ల చేస్తారు? – కంప్యూటర్ నుంచి మన కాగితాల దాకా

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపిగ్గా చదవండి.

పెరుగు కావాలంటే పాలల్లో తోడు వెయ్యాల. తోడంటే ఏంది? నిన్నటి పెరుగే. ఇంట్లో లేకపోతే పక్కింట్లో అడుగుతాం. పక్కింట్లో కూడా లేకపోతే మా జేజులు గోరువెచ్చని పాలల్లో నాలుగు మిరపకాయ తొడిమలు వేసి మూత పెట్టేవాళ్లు. తెల్లారేసరికి పలచగా ఏదో తోడుకునేది. అది తినేదానికి అంత బాగుండదు. కానీ దాన్నే తోడుగా వేస్తే మరుసటి రోజు మంచి పెరుగు వచ్చేది.

మాలో డిగ్రీలో కంప్యూటర్స్ చదివేవాళ్లం ఈ మధ్య ఒక విషయం తెలుసుకున్నాం. సాఫ్ట్‌వేర్‌లో కూడా సరిగ్గా ఇదే చిక్కు ఉంది. ఒక ప్రోగ్రామ్‌ను సోర్సు కోడ్ నుంచి తయారు చెయ్యాలంటే ముందుగా వేరే ప్రోగ్రాములు ఉండాల. దాన్ని బిల్డ్ డిపెండెన్సీ అంటారు. 'అ' కు 'ఆ' కావాల, 'ఆ' కు మళ్లీ 'అ' కావాల అంటే అది చుట్టు తిరిగే డిపెండెన్సీ. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెతే.

మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే దీనికి ఉదాహరణ ఉంది. 'క' కింద 'ష' వత్తు పడితే 'క్ష' గా కలిపి చూపించాలని నిర్ణయించేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. ఫాంటులోని అక్షరం రూపాన్ని స్క్రీన్ మీద చుక్కలుగా గీసేది ఫ్రీటైప్. హార్ఫ్‌బజ్‌కు ఫ్రీటైప్ కావాల. ఫ్రీటైప్‌కు అక్షరాలను సరిగ్గా దిద్దుకునేదానికి హార్ఫ్‌బజ్ కావాల. మామూలుగా ఏం చేస్తారంటే, ముందు హార్ఫ్‌బజ్ లేకుండానే ఫ్రీటైప్‌ను ఒకసారి కడతారు. దాంతో హార్ఫ్‌బజ్‌ను కడతారు. తర్వాత ఫ్రీటైప్‌ను మళ్లీ పూర్తిగా కడతారు. మిరపకాయ తొడిమల పద్ధతే కదా!

రెండు ప్రోగ్రాములైతే చేత్తో విప్పచ్చు. కానీ డెబియన్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లో వేల ప్యాకేజీలు ఉంటాయి. కొత్త రకం ప్రాసెసర్ వచ్చినప్పుడు దాని మీద అన్నీ మొదటి నుంచి కట్టుకు రావాల. అప్పుడు వందల ప్యాకేజీలు ఒకదానికొకటి చిక్కుపడి ఉంటాయి. అంతకుముందు అనుభవం ఉన్నవాళ్లు కూర్చుని చేత్తో విప్పేవాళ్లు. 2012లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో యోహానెస్ షావర్ అనే విద్యార్థి దీనికొక ప్లాన్ పెట్టినాడు. ప్రతి ప్యాకేజీ ఒక చుక్క, ప్రతి అవసరం ఒక బాణం. మొత్తం బొమ్మ గీసి, ఎక్కడెక్కడ చుట్లు ఉన్నాయో కంప్యూటర్‌తోనే వెతికించాల. ఏ బాణం తీసేస్తే ఎక్కువ చుట్లు తెగుతాయో లెక్కకట్టించాల. దాన్నుంచి వచ్చిందే బాచ్ అనే పనిముట్టు.

ఇక్కడ మాకు నచ్చిన సంగతి ఒకటుంది. చుట్టు ఎక్కడుందో మిషను చెప్తుంది గానీ, ఏ బాణం నిజంగా తీసెయ్యచ్చో ఆ ప్యాకేజీ చూసుకునే మనిషే చెప్పాల. డాక్యుమెంటేషన్ తయారీ, పరీక్షలు లాంటివి మొదటిసారికి వదిలెయ్యచ్చు. డెబియన్‌లో ఇప్పుడు దీనికి బిల్డ్ ప్రొఫైల్స్ ఉన్నాయి: నోడాక్, నోచెక్, స్టేజ్1 అని. అంటే ప్యాకేజీలోనే రాసి పెడతారు, "మొదటి దఫాకు ఇది లేకున్నా నడుస్తుంది" అని.

ఇంగ మన విషయానికి వద్దాం. మా హాస్టల్లో ఒక తమ్ముడు స్కాలర్‌షిప్ కోసం కులధ్రువీకరణ పత్రం అడగను పోయినాడు. మీ నాయన సర్టిఫికెట్ తెమ్మన్నారు. నాయన బడి మొగమే చూడలేదు. ఆయనకు సర్టిఫికెట్ కావాలంటే ముందు ఆధార్ తెమ్మన్నారు. ఆధార్‌కు పోతే పుట్టిన తేదీకి బడి కాగితం తెమ్మన్నారు. తిరిగి తిరిగి మళ్లీ బడి దగ్గరికే! సుగాలీ తండాల్లో, యానాది, ఎరుకల కాలనీల్లో ఈ కథ వినని ఇల్లు ఉందా?

మేము అనేది ఏందంటే, ఇది మన తలరాత కాదు, చుట్టు తిరిగే డిపెండెన్సీ. దీన్ని తెంచే బాణాలు రూల్సులోనే ఉన్నాయి. 2016 ఆధార్ నమోదు నిబంధనల్లో కాగితాలు లేనివాళ్లకు పరిచయకర్త ద్వారా, కుటుంబ పెద్ద ద్వారా నమోదు అనే దారులు పెట్టినారు. అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నిబంధనల్లో 13వది చూడండి. ఊరి పెద్దల మాటను రాసిపెడితే అది కూడా సాక్ష్యాల్లో ఒకటి. కాగితం లేనిచోట మనిషి మాటే మొదటి తోడు అని చట్టమే ఒప్పుకున్నట్టు.

"సాఫ్ట్‌వేర్ చిక్కు వేరు, ఆఫీసు చిక్కు వేరు" అని కొందరు అన్నలు అనచ్చు. నిజమే. ప్యాకేజీకి మనల్ని తిప్పుకోవాలనే బుద్ధి ఉండదు, ఆఫీసులో ఒక్కోసారి ఉంటుంది. అందుకే ఒక్కడు ఒంటరిగా పోయి అడిగితే చాలదు. బొమ్మ గీసుకుని, రూలు నంబరు చేతిలో పెట్టుకుని, పదిమంది కలిసి పోవాల.

ఇంకో జాగ్రత్త. స్టేజ్1 ఆఖరిది కాదు. మొదట తగ్గించి కట్టినదాన్ని మళ్లీ పూర్తిగా కట్టి తీరాల. మన పిల్లోళ్లకు మాత్రం "ప్రస్తుతానికి ఇది చాలు" అని సగం కాగితం, సగం చదువు ఇచ్చి అక్కడే నిలబెట్టేస్తారు. పలచటి పెరుగుతో సరిపెట్టుకోకూడదు. అది తోడుకే.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. ఈ ఆదివారం ఎవరి ఇంటి చుట్టును వాళ్లు ఒక కాగితం మీద గీయండి. ఏ కాగితానికి ఏ కాగితం అడిగినారో బాణాలు వేయండి. పేర్లు, నంబర్లు వద్దు, బాణాలు మాత్రమే గ్రూపులో పెట్టండి. మేము హాస్టల్లో అన్నీ కలిపి ఒకే బొమ్మ చేస్తాం. ఏ బాణం దగ్గర ఎక్కువ మంది ఇరుక్కున్నారో తేలితే, ముందు దాని మీద అర్జీ రాద్దాం.

కోడింగ్ గురించి కూడా ఒక మాట. ఇంగ్లీషు వస్తే గానీ కోడ్ రాదు, లాప్‌టాప్ ఉంటే గానీ నేర్చుకోలేం, ఉద్యోగం వస్తే గానీ లాప్‌టాప్ రాదు అని మనమే ఒక చుట్టు కట్టుకున్నాం. ఫోన్‌లో, తెలుగులో, సగం సగంగానైనా మొదలుపెడదాం. మా గదిలో నలుగురం అట్లే మొదలుపెట్టినాం. రావాలనుకునేవాళ్లు కింద పేరు పెట్టండి.