మాయా తూటా కాదు, మేలైన మందు

కాన్సరు అనే మాట చెవిన పడగానే ఎంతటి ధైర్యవంతునికైనా గుండె జారుతుంది. వ్యాధి ఒక ఎత్తయితే చికిత్స మరొక ఎత్తు. కాన్సరు కణాలను చంపగల మందులు లేకపోలేదు. కాని వాటిలో పెక్కింటికి శత్రు మిత్ర భేదం తెలియదు. వేగంగా విభజన చెందే కణమేదైనా వాటికి లక్ష్యమే. అందువల్లనే రోగికి జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, రక్తకణాలు క్షీణిస్తాయి. డాక్సోరూబిసిన్ అనే ప్రసిద్ధమైన మందు మోతాదు పెరిగిన కొలది గుండెనే దెబ్బతీస్తుంది.

రోగకారకాన్ని మాత్రమే తాకే 'మాయా తూటా' కావాలని జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలోనే కలగన్నాడు. ఆ కలను నానో టెక్నాలజీ కొంతవరకు నిజం చేసింది. మీటరులో వందకోట్లవ వంతు ఒక నానోమీటరు. సుమారు 100 నానోమీటర్ల కొవ్వు గుళికలలో డాక్సోరూబిసిన్‌ను బంధించి రక్తంలోనికి పంపుతారు. ఆరోగ్యంగా ఉన్న రక్తనాళాల గోడలను ఆ గుళికలు సులభంగా దాటలేవు. కణితిలో క్రమం తప్పి పెరిగిన నాళాలకు సందులుంటాయి. గుళికలు ఆ సందులగుండా జారి అక్కడ నిలుస్తాయి. ఈ ధర్మాన్ని 1986లో జపాను శాస్త్రవేత్తలు మత్సుమురా, మయేదా వివరించారు. 1995లో 'డాక్సిల్' పేరుతో ఇట్టి మందుకు అమెరికాలో ఆమోదం లభించింది.

ఇంతవరకు సంతోషించవలసిన విషయమే. అయితే దీనిని అద్భుతమని చాటడం నాకు సమ్మతం కాదు. పదేళ్ళ ప్రయోగాలను పరిశీలించిన ఒక సమీక్ష 2016లో వెలువడింది. జంతువులలోనికి ఎక్కించిన నానో కణాలలో కణితిని చేరినది మధ్యస్థంగా 0.7 శాతమేనని అది తేల్చింది. కాలేయం, ప్లీహం వాటిని అధికంగా పట్టివేస్తాయి. శరీరమంతటా వ్యాపించిన రొమ్ము కాన్సరుపై 2004లో ప్రకటితమైన పరీక్షలో డాక్సిల్ పాత మందుకన్న ఆయుష్షు పెంచలేదు. గుండెకు కలిగే హానిని మాత్రం బాగుగా తగ్గించింది. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండే బాధ కొందరికి అదనంగా కలిగింది.

గుండెను కాపాడటం చిన్న మేలు కాదు. కాని ఆ మేలు ఎంతో అంతే చెప్పాలి. అద్భుతం జరుగుతుందన్న ఆశతో ఇల్లు, పొలం తాకట్టు పెట్టే కుటుంబానికి నిజం తెలుసుకొనే హక్కు లేదా?

మన దేశానికి ఈ విద్య కొత్త కాదు. 2012లో అమెరికాలో డాక్సిల్ కొరత ఏర్పడినప్పుడు భారతీయ సంస్థ సన్ ఫార్మా తయారుచేసిన 'లైపోడాక్స్' దిగుమతిని ఆ దేశం అనుమతించింది. మందు చేయగలిగిన మనం దాని గుణదోషాలను మన భాషలలో చెప్పలేమా? కళాశాల కమిటీవారు ఏటా ఒక వైద్యునిచేత తెలుగు, ఉర్దూ భాషలలో ఉపన్యాసం ఏర్పాటు చేయాలని మనవి. విద్యార్థి మిత్రులారా, ఆసుపత్రి కాగితంపై సంతకం పెట్టవలసిన నాడు మన ఇంటి పెద్దలు చూసేది మన ముఖంవైపే. వారికి ఉన్నదున్నట్లు చెప్పగల చదువు మనకుండాలి.