కోడ్ ఏఐ రాస్తుంది సరే, దానికి చెప్పేదెవరు?

ఈ మధ్య పేరెంట్స్ మీటింగ్‌లో ఎవరిని పలకరించినా ఒకటే మాట. "కోడంతా ఏఐయే రాసేస్తోందట కదండీ, ఇక మా వాడికి కంప్యూటర్ క్లాసు దేనికి?" ఆ వెంటనే ఇంకో మాట కూడా వినిపిస్తోంది. తెలుగు, ఇంగ్లీషు కాంపోజిషన్ పీరియడ్లు తగ్గించి ఆ టైమ్ మ్యాథ్స్ ఫౌండేషన్‌కి ఇవ్వమని. మొదటి ప్రశ్నకు జవాబు కంప్యూటర్ సార్లు చెబుతారు. రెండో దాని మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. మీలాగే నేనూ ఇక్కడ ఫీజు కట్టే తల్లినే. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టూల్స్‌కి డాక్యుమెంటేషన్ రాయడం. అంటే ఇంజనీర్లు వాడే టూల్ ఎలా వాడాలో వివరించే పేజీలు రాస్తాను. ఇప్పుడు ఆ పేజీలను మనుషులతో పాటు ఏఐ ఏజెంట్లూ చదువుతున్నాయి.

ఏజెంట్ అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెబుతాను. క్లాడ్ కోడ్, కోడెక్స్ లాంటి వాటికి పని అప్పగిస్తే జవాబు చెప్పి ఊరుకోవు. ఫైళ్లు తెరిచి చదువుతాయి, కోడ్ రాస్తాయి, కమాండ్లు అవే నడుపుతాయి, ఎర్రర్ వస్తే చదివి సరిదిద్దుకుని మళ్లీ నడుపుతాయి.

కొత్తగా చేరిన కుర్రాడికి టూల్ పని చేయకపోతే పక్క సీటు వైపు తిరుగుతాడు. "అన్నా, ఇదెందుకు రావట్లేదు?" "ఓ, దానికి ముందు ఆ సెట్టింగ్ మార్చాలిరా, డాక్యుమెంట్‌లో రాయలేదులే." ఏ కంపెనీలోనైనా సగం జ్ఞానం ఇలా టీ కప్పుల మధ్యే తిరుగుతుంటుంది. ఏజెంట్‌కి పక్క సీటు లేదు. రాయనిది దానికి తెలియదు, తెలియని చోట ఊహించి పూరిస్తుంది, అదీ తడబాటు లేకుండా. టూల్‌లో లేని ఆప్షన్‌ని ఉన్నట్టే వాడేస్తుంది. ఒక్కోసారి అసలు లేని లైబ్రరీ పేరు చెప్పి ఇన్‌స్టాల్ చేయమంటుంది. అలాంటి పేర్లు మోసగాళ్లు ముందే రిజిస్టర్ చేసి అందులో చెడ్డ కోడ్ పెట్టే ప్రమాదం ఉందని భద్రతా నిపుణులు హెచ్చరిస్తూనే ఉన్నారు. పాత రాతలతో ఇంకో చిక్కు. పైథాన్ 2కి సపోర్ట్ 2020 జనవరి 1తోనే ఆగిపోయింది, కానీ దాని గురించి రాసిన పేజీలు ఇంటర్నెట్ నిండా ఇంకా ఉన్నాయి. ఏ పేజీ ఏ వెర్షన్‌దో పైన స్పష్టంగా రాసి ఉండకపోతే రెండూ కలిపేస్తుంది.

అందుకే మా పనిలో ఇప్పుడు చిన్న చిన్న మాటలకు విలువ పెరిగింది. ఎర్రర్ వచ్చినప్పుడు "ఇన్‌పుట్ తప్పు" అని చూపిస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "తేదీ 2025-06-12 లాగా సంవత్సరం, నెల, రోజు వరుసలో ఇవ్వాలి, మీరు 12-06-2025 ఇచ్చారు" అంటే ఏజెంట్ మరుక్షణం సరిదిద్దుకుంటుంది. గిట్ అనే టూల్‌లో కమాండ్ స్పెల్లింగ్ తప్పు కొడితే, దానికి దగ్గరగా ఉన్న సరైన కమాండ్ ఏదో అదే చూపిస్తుంది. అది ఎప్పటి నుంచో ఉన్న మంచి అలవాటు.

2024 సెప్టెంబరులో జెరెమీ హోవర్డ్, వెబ్‌సైట్లు ఏఐ కోసం 'ఎల్‌ఎల్‌ఎమ్స్ డాట్ టీఎక్స్‌టీ' అనే సాదా ఫైల్ పెట్టాలని ప్రతిపాదించారు. 2025లో 'ఏజెంట్స్ డాట్ ఎండీ' అనే ఫైల్ వాడుకలోకి వచ్చింది. ప్రాజెక్ట్ ఎలా నడపాలి, ఎలా టెస్ట్ చేయాలి, దేన్ని ముట్టుకోకూడదు, ఇవన్నీ అందులో రాస్తారు. ఫైల్ పేరు రేపు మారొచ్చు, నేను దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోను. 1971 నవంబరులో వచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే కమాండ్ పేరు, వాడే పద్ధతి, వివరణతో పాటు 'బగ్స్' అని ఒక శీర్షిక ఉంది. మా టూల్‌లో లోపం ఇదీ అని వాళ్లే రాసుకున్నారు. ఆ నిజాయితీ ఇప్పటి చాలా కంపెనీల పేజీల్లో కనిపించదు.

డాక్యుమెంటేషన్ కూడా ఏఐయే రాయదా అంటారా? రాస్తుంది, కోడ్ చూసి మొదటి డ్రాఫ్ట్ బాగానే ఇస్తుంది. కానీ ఈ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం, ఈ కమాండ్ నడిపితే కస్టమర్ డేటా పోయి తిరిగి రాదు, లాంటివి చాలాసార్లు కోడ్‌లో కనిపించవు. అవి తెలిసిన మనిషి రాసి పెట్టాలి. అది రాయగలిగే పిల్లలు నాకు అరుదుగా దొరుకుతున్నారు. మంచి ర్యాంకులతో వచ్చిన ఫ్రెషర్లు కూడా "సెట్టింగ్స్ సరిగ్గా పెట్టుకోవాలి" అని రాసి ఊరుకుంటారు. సరిగ్గా అంటే ఎలా బాబూ?

మన వంటల పుస్తకాల్లో "ఉప్పు తగినంత" అని ఉంటుంది చూడండి, అలాగన్నమాట. అమ్మకు ఆ 'తగినంత' చేతికి తెలుసు. హాస్టల్‌లో మొదటిసారి స్టవ్ వెలిగించిన పిల్లకు తెలియదు. "మూడు విజిల్స్ వచ్చాక దింపాలి" అన్నది అంతకన్నా నయం, లెక్క ఉంది. కానీ ఆవిరి పోయేదాకా మూత తీయకూడదని అందులో లేదు. అందరికీ తెలుసు కదా అని వదిలేసిన ఆ ఒక్క వాక్యం దగ్గరే చేతులు కాలేది.

ఈ ఆదివారం మీ అమ్మాయినో అబ్బాయినో పులిహోర ఎలా చేయాలో రాయమనండి. తెలుగులోనైనా, ఇంగ్లీషులోనైనా సరే. వాళ్ల నాన్న వంటగదిలో నిలబడి, అందులో రాసింది మాత్రమే చేయాలి. అన్నం ముందే వండి ఉండాలని రాయకపోతే బియ్యంలోనే పోపు కలపాలి. నవ్వుకుంటారు, తర్వాత ఆ పిల్లే కూర్చుని తిరగరాస్తుంది. మా పనిలో రోజూ జరిగేది ఇదే.

మీ ఫిర్యాదులోనూ న్యాయం ఉంది. గైడ్‌లోంచి "నీటి కాలుష్యం" వ్యాసం బట్టీ పట్టి దించితే రాయడం రాదు. అలాంటి పీరియడ్ ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. అయితే దాన్ని తీసేయమనే ముందు, వచ్చే మీటింగ్‌కి మీ పిల్లల కాంపోజిషన్ నోట్‌బుక్ వెంట తీసుకురండి. అందులో వాళ్ల సొంత వాక్యాలు ఎన్ని ఉన్నాయో చూడండి. లేకపోతే ఎందుకు లేవని టీచర్‌నే అడుగుదాం, నేనూ మీ పక్కనే ఉంటాను.