ఒక్క నోటి మాట మీద నిలిచిన సింహాసనం

‘బాహుబలి’ సినిమాల్లోని మాహిష్మతి రాజ్య పతనానికి భల్లాలదేవుడి దురాశే కారణమంటారు. కానీ అసలు లోపం వారసుణ్ని ఎంచిన పద్ధతిలోనే ఉంది. 2015లో వచ్చిన మొదటి భాగంలో రాజమాత శివగామి మంచి కొలబద్దే పెట్టింది. యుద్ధంలో శత్రువులైన కాలకేయులు అడ్డుపెట్టిన బందీల మీదుగానే ఆమె కొడుకు భల్లాలుడు కత్తుల రథం తోలాడు. ఆమె పెంచిన అమరేంద్రుడు తాళ్లు విసిరి, వాళ్లను నేలకు పడగొట్టి ప్రాణాలు కాపాడాడు. శత్రునాయకుణ్ని చంపింది భల్లాలుడే అయినా, ప్రజల్ని కాచినవాడే రాజని ఆమె ప్రకటించింది.

అంత న్యాయంగా తేల్చిన తల్లిని తప్పుపట్టడం ధర్మమా అంటే, 2017 నాటి రెండో భాగమే జవాబు. అమరేంద్రుడు ప్రేమించిన దేవసేన విషయంలో ఆగ్రహం కలగగానే అదే నోరు సింహాసనాన్ని భల్లాలుడికి కట్టబెట్టింది. కొలబద్ద మారలేదు, కొలిచే మనసు మారింది. నిండు సభ ఉన్నా, ఆపే అధికారం దానికి లేదు. పెద్దలు ఎంత మంచివాళ్లయినా, వారసత్వం ఒకరి మాట మీదే ఆధారపడితే రాజ్యానికి భద్రత ఉండదు.